థ్రేసియన్ రాజుల సమాధులు చూడాలంటే: ఏది అసలు, ఏది నకలు, నాలుగు రోజుల్లో ఎలా

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మే నెలాఖరులో స్టుట్‌గార్ట్ నుంచి 4 రోజులకు బల్గేరియా వెళ్తున్నారు. మీరు, మీ ఆవిడ, 9 ఏళ్ల బాబు, మోకాళ్ల నొప్పులున్న 66 ఏళ్ల అమ్మగారు. కజాన్లక్‌లో ఉన్న, యునెస్కో జాబితాలోని థ్రేసియన్ల (ఆ ప్రాంతపు ప్రాచీన జాతి) సమాధి లోపలికి వెళ్లాలని ఆశ. అక్కడ చూపించేది డూప్లికేట్ అని ఎవరో చెప్పారు. నిజమేనా, నిజమైతే అంత దూరం వెళ్లడం దండగా?

నిజమే. దండగ మాత్రం కాదు. టికెట్ కొని లోపలికి వెళ్లేది పక్కనే అదే కొలతలతో కట్టిన నకలు సమాధిలోకి. అసలుది రక్షణ భవనం లోపల తాళం వేసి ఉంటుంది, మామూలు సందర్శకులను రానివ్వరు. పరిమితంగా కొందరిని అనుమతించే సందర్భాలు ఉంటాయి కాబట్టి, పట్టుదల ఉంటే కజాన్లక్‌లోని ‘ఇస్క్రా’ చరిత్ర మ్యూజియంకు కొన్ని వారాల ముందే మెయిల్ రాసి అడగండి. దొరక్కపోతే బాధపడొద్దు. బల్గేరియాలో ఈ సమాధులు చూసేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క ఒకటే: బొమ్మలున్నదాన్ని నకలులో చూడాలి, రాతి కట్టడాన్ని అసలులోనే చూడాలి. బొమ్మలు ఊపిరికి పాడవుతాయి, రాయి అంత త్వరగా పాడవదు. ఈ లెక్కకు ముఖ్యంగా లొంగనిది స్వెష్టారి సమాధి, దాని సంగతి తర్వాత.

కాబట్టి మీకు నా సలహా: కజాన్లక్ నకలు, షిప్కా దగ్గర గోల్యామా కోస్మాత్కా అసలు, సోఫియా మ్యూజియంలో అందులోంచి తీసిన వస్తువులు. ఈ మూడూ కలిస్తేనే ఒక సమాధి పూర్తిగా అర్థమవుతుంది. ఒక్కదానికే వెళ్తే సగం కథతో తిరిగొస్తారు.

ముందు అసలుది ఎందుకు మూసేశారో చూద్దాం. ఇది తెలిస్తే ‘డూప్లికేట్’ అన్న చిన్నచూపు పోతుంది. 1944 ఏప్రిల్‌లో కజాన్లక్ ఊరి అంచున ట్యుల్బే గుట్ట మీద సైనికులు తవ్వుతుంటే ఈ సమాధి బయటపడింది. క్రీ.పూ. 4వ శతాబ్దం చివర, 3వ శతాబ్దం మొదట్లో కట్టింది. 1979లో యునెస్కో జాబితాలోకి వెళ్లింది. లోపల బొమ్మలున్న గుండ్రటి గది అడ్డకొలత 2.65 మీటర్లు, ఎత్తు 3.25 మీటర్లు. మన ఇళ్లలో చిన్న పూజగది పాటి జాగా. తేనెపట్టులా పైకి సన్నబడే గుమ్మటం కాబట్టి లోపల పట్టే గాలి సుమారు 11 ఘనపు మీటర్లు.

ఇప్పుడు లెక్క వేయండి. ఊరికే నిలబడ్డ మనిషి గంటకు దాదాపు 50 గ్రాముల నీటిని ఆవిరిగా వదులుతాడు. పది మంది పావుగంట ఉంటే 125 గ్రాములు. 15 డిగ్రీల దగ్గర ఆ గదిలోని గాలి మొత్తం పట్టుకోగలిగిన తేమే 140 గ్రాముల చిల్లర. అంటే ఒక్క టూరిస్టు బృందం వచ్చి వెళ్లేసరికి గదిలో గాలి నీటితో నిండిపోతుంది, మిగిలింది చల్లటి గోడ మీద చెమటలా పడుతుంది. పైగా మనిషి ఒంటి వేడి సుమారు 100 వాట్లు, పది మంది అంటే ఒక కిలోవాట్ రూమ్ హీటర్ పెట్టినట్టే. బృందం వెళ్లిపోయాక గోడ మళ్లీ ఆరుతుంది. గార లోపలి లవణాలు నీటిలో కరిగి పైకొచ్చి, ఆరేటప్పుడు రంగుపొర కింద స్ఫటికాలు కడతాయి. ఆ స్ఫటికాలు రంగును లోపలినుంచి పొట్టులా లేపేస్తాయి. ఎప్పుడూ తడిగా ఉన్న గోడ కన్నా రోజుకు ఆరుసార్లు తడిసి ఆరే గోడకే నష్టం ఎక్కువ. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ ఆ తేమలో కలిసి సున్నాన్ని కొద్దికొద్దిగా కరిగిస్తుంది, అది తిరిగి గట్టిపడి బొమ్మ మీద తెల్లటి పొరగా నిలుస్తుంది. బల్బుల వెలుతురు పడ్డచోట పచ్చటి నాచు అదనం. రెండు వేల మూడు వందల ఏళ్లు మట్టి కింద నిలిచిన బొమ్మ, జనానికి తలుపు తెరిస్తే కొన్ని దశాబ్దాల్లో పోతుంది. అందుకే 1970ల్లో పక్కనే నకలు కట్టారు.

నకలులో మీకు దొరికే సుఖం ఏమిటంటే గడియారం చూసుకోనక్కర్లేదు. చాలామంది నేరుగా గుండ్రటి గదిలోకి వెళ్లి, ఫోన్ పైకెత్తి నాలుగు ఫోటోలు తీసుకుని ఐదు నిమిషాల్లో బయటికొస్తారు. అలా చేయకండి. కట్టడంలో మూడు భాగాలున్నాయి: ముందు గది, సన్నటి నడవ, గుండ్రటి గది. నడవ పొడవు రెండు మీటర్లకు అటూఇటూ, వెడల్పు ఒక మీటరు పైచిలుకు. పెద్దవాళ్లు ఒకరి వెనక ఒకరు వెళ్లాలి. అక్కడే ఆగి తలెత్తండి. రెండు పక్కల గోడల పైభాగంలో సైనికులు ఎదురెదురుగా నడుస్తున్న పట్టీ ఉంటుంది. పైకప్పు రెండు పక్కలనుంచీ వాలి పైన కలుస్తుంది, అడ్డంగా కోస్తే త్రికోణం.

గుండ్రటి గదిలోకి అడుగుపెట్టగానే ఎదురుగా కనిపించేది రాజూ రాణీ. రాజు తలమీద ఆకుల కిరీటం, ముందు చిన్న బల్ల మీద భోజనం. రాణి వీపున్న ఎత్తు కుర్చీలో కూర్చుని తల కాస్త వంచింది. అతని చేయి ఆమె ముంజేతిని పట్టుకుని ఉంది. ఆ పట్టు దగ్గర కాసేపు నిలబడండి, వేళ్లు ఎలా చుట్టుకున్నాయో చూడండి. గ్రీకు చిత్రకళ బాగా తెలిసిన చేయి వేసిన బొమ్మ అది. వాళ్లకు రెండు పక్కలనుంచీ ఊరేగింపు వాళ్ల వైపే కదులుతుంది: పళ్లెం నిండా పళ్లు పట్టుకున్న పొడవాటి స్త్రీ, పానీయం అందించేవాడు, పొడుగు బూరాలు ఊదే ఇద్దరు స్త్రీలు, గుర్రాలను పట్టుకున్న సాయిసులు, నాలుగు గుర్రాల రథం. అన్నిటికీ పైన, గుమ్మటం మూత దగ్గర, మూడు రథాలు పందెం పరుగులో తిరుగుతుంటాయి. నలుపు, ఎరుపు, పసుపు, తెలుపు, వాటి కలయికలు, అంతే రంగులు.

ఇది చావు భోజనమా, పెళ్లి విందా, చనిపోయిన రాజు దేవుడిగా మారే వేడుకా అని పండితులు ఇంకా తేల్చుకోలేదు. గైడు ఒక్కటే ఖాయంగా చెప్తే తలూపండి, నమ్మేయక్కర్లేదు. పళ్లెం పట్టుకున్న ఆవిడ దాసి కన్నా దేవత అనడానికే నాకు మొగ్గు, ఎందుకంటే పక్కనున్న పరిచారకుల కన్నా ఆమెను పెద్దగా గీశారు.

బాబుకు ఒక పని పెట్టండి: గుమ్మటంలో మొత్తం ఎన్ని గుర్రాలున్నాయో లెక్కపెట్టమనండి. గుండ్రంగా తిరుగుతూ లెక్క తప్పుతాడు, మళ్లీ మొదలుపెడతాడు, ఈలోగా మీరు ప్రశాంతంగా చూసుకోవచ్చు.

అమ్మగారికి ట్యుల్బే గుట్ట మీదికి మెట్లు ఎక్కాల్సి ఉంటుంది. గుట్ట చిన్నదే, పార్కులా ఉంటుంది, ఆగి ఆగి ఎక్కితే ఇబ్బంది లేదు. ట్యుల్బే అన్న పేరు అక్కడే ఉన్న ఒట్టోమన్ కాలపు సమాధి మందిరం వల్ల వచ్చింది. తుర్కీలో త్యుర్బే అంటే మన దర్గా లాంటిది. అంటే ఒకే గుట్ట మీద రెండు కాలాల సమాధులు.

ఇక కోస్మాత్కా. అసలైన సమాధిలోకి అడుగుపెట్టాలన్న మీ కోరిక తీరేది ఇక్కడే. కజాన్లక్ నుంచి షిప్కా ఊరు 12 కిలోమీటర్లు, ఆ ఊరికి కాస్త ముందే రోడ్డు పక్కన ఈ దిబ్బ కనిపిస్తుంది. ఎత్తు 20 మీటర్ల పైన, అడ్డకొలత 130 మీటర్లు. గోల్యామా కోస్మాత్కా అంటే ‘పెద్ద బొచ్చుది’. దిబ్బంతా చెట్టూ చేమా పెరిగి ఉండడం చూసి ఊరివాళ్లు పెట్టిన పేరు. మన తెలంగాణలో రాకాసి గూళ్లు చూసినవాళ్లు అలాంటి రాతిపలకల గూడు ఊహించుకుని వస్తారు. ఇది ఆ పోలిక కాదు. దిబ్బ కడుపులో సొరంగంలా కట్టిన మూడు గదుల ఇల్లు ఇది.

2004లో గియోర్గి కితోవ్ బృందం దీన్ని తెరిచింది. దిబ్బలను యంత్రాలతో మరీ వేగంగా తవ్వేస్తాడని తోటి పురావస్తు శాస్త్రవేత్తలు ఆయన్ను గట్టిగానే విమర్శించారు. ఈ కజాన్లక్ లోయలో ఇవాళ మనం చూస్తున్న వాటిలో చాలా భాగం ఆయన తవ్వినవే. ఇది ఒడ్రీసియన్ అనే థ్రేసియన్ తెగ రాజు మూడో స్యూథెస్ సమాధి అని చెప్పడానికి ఆధారం వస్తువులే: కంచు శిరస్త్రాణం మీద, వెండి పాత్రల మీద అతని పేరు చెక్కి ఉంది. అలెగ్జాండర్ చనిపోయాక థ్రేస్ పంచుకోవడానికి వచ్చిన అతని సేనాని లిసిమాకస్‌తో యుద్ధం చేసిన రాజు ఇతనే. అతని రాజధాని స్యూథోపొలిస్ కజాన్లక్ పక్కన కోప్రింకా జలాశయం అడుగున ఉంది. 1948లో ఆనకట్ట పనుల్లో బయటపడితే, తవ్వకాలు పూర్తిచేసి, తర్వాత నీళ్లు వదిలారు. ముంపు గ్రామాల కథ తెలిసిన మనకు ఇది కొత్తగా అనిపించదు.

లోపలికి వెళ్లేముందు వాకిట్లో ఆగండి. ద్వారానికి దాదాపు 7 మీటర్ల ఇవతల, నేలలో, రాజు కంచు తలను విడిగా పాతిపెట్టారు. పెద్ద విగ్రహం నుంచి తల మాత్రం వేరుచేసి, మనిషిని పూడ్చినట్టే పూడ్చారు. గైడు చెప్పకపోతే ఆ చోటు ఏదో మీరే అడగండి.

తర్వాత 13 మీటర్ల నడవ. నేల దాదాపు సమంగానే ఉంటుంది, అమ్మగారికి మెట్ల బాధ పెద్దగా లేదు. అసలు బాధ గుమ్మాల దగ్గర. లోపలి ద్వారాలు పొట్టివి, పెద్దవాళ్లు నడుం వంచి దాటాలి. మోకాళ్ల కన్నా నడుముకే పని. ఒక చేయి ద్వారబంధం మీద ఆనించి వంగడం అందరికీ అలవాటు, ఇక్కడ అది చేయకూడదు. చేతి చమట రాతి మీద నల్లటి మరక వేస్తుంది, వేల చేతులు పడితే అంచు అరిగిపోతుంది. కాబట్టి ముందు మీరు దాటి, వెనక్కి తిరిగి అమ్మగారికి చేయి అందించండి. తల ఎత్తేముందు పూర్తిగా రెండడుగులు లోపలికి వెయ్యమని చెప్పండి. తల తగిలేది వంగేటప్పుడు కాదు, దాటేశామనుకుని తొందరగా నిటారుగా లేచేటప్పుడు. వీపుమీద బ్యాగు ఉంటే అది కూడా అక్కడే పైరాయికి గీసుకుంటుంది, కారులో వదిలి రండి.

మొదటిది నలుచదరపు గది, రాజుగారి గుర్రాన్ని ఇక్కడ బలిచ్చి ఉంచారు. రెండోది గుండ్రటి గది. ఇక్కడికి వచ్చాక గోడ మీద ఒక్క విషయం చూడండి: రాళ్ల మధ్య అతుకులు. అర్ధచంద్రంలా తిరిగే నిజమైన కమానులో అతుకులన్నీ ఒక కేంద్రం వైపు వాలి ఉంటాయి, సైకిల్ చక్రం పుల్లల్లా. ఇక్కడ అతుకులు పైదాకా అడ్డంగా, నేలకు సమాంతరంగానే ఉంటాయి. ఒక్కో వరుస కింది వరుస కన్నా కొంచెం లోపలికి జరిపి పేర్చుకుంటూ వెళ్లి, పైన మూత పెట్టి, చివర్లో లోపలి అంచులు చెక్కి నున్నగా చేశారు. వెనకనుంచి మట్టి బరువు నొక్కిపెట్టకపోతే ఈ వరుసలు లోపలికి ఒరిగిపోతాయి. దిబ్బ అంటే అలంకారం కోసం పోసిన మట్టి కాదు, గుమ్మటాన్ని నిలబెట్టే బరువు అదే. దొంగలు పైనుంచి గోతులు తవ్విన సమాధులు కూలిపోవడానికి ఇదొక కారణం.

లోపల ఒక ద్వారానికి రెండు పాలరాతి తలుపురెక్కలు. ఒకదాని మీద గ్రీకుల సూర్యదేవుడు హీలియస్ ముఖం, మరోదాని మీద గ్రీకు పురాణాల్లో పాముల జుట్టున్న గోర్గాన్ మెడూసా. పక్కనుంచి వెలుతురు పడితేనే చెక్కడం లేస్తుంది, ఎదురుగా ఫోటో తీస్తే చదునుగా వస్తుంది. ఫ్లాష్ ఎలాగూ వేయకూడదు. గైడు దగ్గర టార్చి ఉంటే పక్కనుంచి వెయ్యమని అడగండి. మూడో గదిని గోడలు పేర్చి కట్టలేదు. ఒకే బండను తొలిచి చేశారు, బరువు సుమారు 60 టన్నులు అంటారు. ముందు బండను తెచ్చి నిలబెట్టి, దాని ముందు మిగతా గదులు కట్టి, ఆపైన మట్టి పోశారన్నమాట. ద్వారాల గుండా ఆ బండ పట్టదు. ఇందులోనే బంగారు ఓక్ ఆకుల కిరీటం, బంగారు పానపాత్ర, ఆయుధాలు దొరికాయి. రాజును పడుకోబెట్టిన ఈ గది చూడడానికి ఎంత ఖాళీగా ఉంటుందో చెప్పలేను, వస్తువులన్నీ మ్యూజియాల్లోకి వెళ్లాయి. అందుకే సోఫియా ముందు చూడమంటున్నాను.

షిప్కా చుట్టూ ఇంకా చాలా దిబ్బలున్నాయి. ఓపిక ఉంటే ఓస్త్రూషా చూడండి. ఒకే రాతిలో తొలిచిన గది, గళ్లుగళ్లుగా చెక్కిన పైకప్పు, ఒక గడిలో ఒక యువతి ముఖం రంగుల్లో మిగిలింది. షుష్మానెత్స్ లోపల స్తంభాలుంటాయి. హెల్వెత్సియా, గ్రిఫోని రెండూ మీ ప్రయాణంలో వదిలేయవచ్చు. ఒకే రోజు ఐదు సమాధులు చూస్తే మూడోది దాటాక అన్నీ ఒకేలా కనిపిస్తాయి, పిల్లాడు రెండోదానికే విసుగెత్తిపోతాడు.

వేళల విషయంలో జనం మోసపోయేది ఇక్కడే. గూగుల్ మ్యాప్‌లో ‘ఓపెన్’ అని ఉన్నంత మాత్రాన దిబ్బ తెరిచి ఉందని కాదు. ఊరి బయట ఉన్న కొన్ని సమాధులకు కాపలా మనిషి కజాన్లక్ మ్యూజియం తరఫున వస్తాడు, చలికాలంలో కొన్ని మూసేస్తారు, కొన్ని ముందు చెబితేనే తెరుస్తారు. బయల్దేరే ముందు రోజు హోటల్ వాళ్లచేత మ్యూజియంకు ఫోన్ చేయించి, ఏ దిబ్బ ఏ గంటలకు తెరుస్తారో పేరుపేరునా అడిగించండి. మూసే వేళకు అరగంట ముందే టికెట్ ఆపేసే అలవాటు అక్కడా ఉంటుంది, సాయంత్రానికి పెట్టుకోకండి. కార్డు పనిచేయని కౌంటర్ కోసం కాస్త నగదు దగ్గర ఉంచుకోండి. 2026 జనవరి 1 నుంచి అక్కడ యూరోనే, కాబట్టి జర్మనీ నుంచి వెళ్లేవాళ్లకు మార్పిడి గొడవ లేదు. పాత బ్లాగుల్లో టికెట్ ధరలు లెవాల్లో (అక్కడి పాత కరెన్సీ) కనిపిస్తే 1.95583తో భాగించుకోండి, అయినా ధరలు అప్పటికన్నా పెరిగి ఉంటాయని లెక్కలో వేసుకోండి.

మీరు వెళ్లేది మే నెలాఖరు కాబట్టి ఇంకో చిక్కు. ఆ లోయ గులాబీ నూనెకు పేరున్న లోయ. మే మధ్యనుంచి జూన్ మధ్యదాకా పువ్వు కోత, జూన్ మొదట్లో కజాన్లక్‌లో గులాబీ పండుగ. ఆ వారాంతం దగ్గర పడితే హోటళ్లు దొరకవు, దొరికినా రేటు మండిపోతుంది, నకలు సమాధి ముందు బస్సుల వరస ఉంటుంది. పండుగ తేదీలు చూసుకుని దానికి కనీసం నాలుగైదు రోజుల ముందు వెళ్లండి. కోత మాత్రం తెల్లవారుజామున చూడొచ్చు, ఎండెక్కితే పువ్వులో నూనె ఎగిరిపోతుందని ఉదయం పూటే కోసేస్తారు. 

ఇప్పుడు స్వెష్టారి. నిజం చెప్పాలంటే అన్నిటిలోకీ నాకిష్టమైనది ఇదే, అయినా మీ 4 రోజుల్లో వద్దంటాను. దేశం ఈశాన్య మూలలో, ఇస్పెరిఖ్ ఊరి దగ్గర ఉంది. కజాన్లక్ నుంచి బాల్కన్ కొండలు దాటి వెళ్లడానికే ఒక పూట అయిపోతుంది. వర్నా లేదా బుకారెస్ట్ వైపు నుంచి వచ్చేవాళ్లకు అనుకూలం. 1982లో బయటపడింది, 1985లో యునెస్కోకు ఎక్కింది, క్రీ.పూ. 3వ శతాబ్దపు మొదటి భాగం నాటిది, గేతే అనే థ్రేసియన్ తెగ రాజుది. లోపల గోడ చుట్టూ పది మంది స్త్రీమూర్తులు చేతులు పైకెత్తి పైకప్పు మోస్తున్నట్టు నిలబడి ఉంటారు. నడుము కింద లంగా అంచు ఆకులుగా, తీగలుగా విచ్చుకుంటుంది, సగం మనిషి, సగం మొక్క. దగ్గరగా చూస్తే ముఖాలు, చేతులు ఒకేలా పూర్తికాలేదు, కొందరివి నున్నగా చెక్కారు, కొందరివి మోటుగా వదిలేశారు. పని పూర్తికాకముందే రాజు పోయాడేమో అన్న అనుమానం అందుకే వచ్చింది. పైన అర్ధచంద్రాకారపు గోడ మీద నల్ల గీతలతో వేసిన బొమ్మ ఉంది: గుర్రం మీది రాజుకు దేవత కిరీటం అందిస్తోంది. అది కూడా గీసి రంగులు వేయకుండానే ఆగిపోయింది. ఇక్కడ పైకప్పు నిజమైన కమాను, కోస్మాత్కాలో చెప్పిన అతుకుల తేడా ఇక్కడ కంటికి తెలుస్తుంది.

ఇందులో బొమ్మలూ చెక్కడాలూ ఉన్నా అసలుదాన్నే చూపిస్తారు. గాలి, తేమ అదుపులో పెట్టే రక్షణ కట్టడం లోపల, చిన్న చిన్న బృందాలుగా, కొద్ది నిమిషాలే. ఆ నిబంధన వల్ల ఎదురుచూపు తప్పదు. ఉదయాన్నే వెళ్లి వంతు ఖాయం చేసుకుని, ఖాళీ సమయంలో దగ్గర్లోని దెమిర్ బాబా తెక్కె (ఒక ముస్లిం సాధువు సమాధి మందిరం) చూసి రావడం తెలివైన పని.

అలెక్సాండ్రోవో గురించి మీరు అడగలేదు కానీ ఎవరో ఒకరు చెప్తారు కనుక: హస్కోవో దగ్గర, 2000లో కితోవ్‌కే దొరికింది, వేట బొమ్మలకు పేరు. అక్కడా అసలు మూసి ఉంటుంది, జపాన్ సాయంతో కట్టిన మ్యూజియంలో నకలు చూపిస్తారు. గ్రీస్ సరిహద్దు వైపు వెళ్తుంటే సరే, లేకపోతే కజాన్లక్ నకలు చూశాక మళ్లీ అంత దూరం అక్కర్లేదు.

మీ నాలుగు రోజులు నేనైతే ఇలా సర్దుతాను. మొదటి రోజు సోఫియాలో దిగి మధ్యాహ్నం జాతీయ పురావస్తు మ్యూజియం. పాత ఒట్టోమన్ మసీదు భవనంలో ఉంటుంది, ఊరి నడిబొడ్డున. స్యూథెస్ కంచు తల అక్కడిదే. కళ్లు చూడండి: తెల్లగుడ్డు అలబాస్టర్ రాయి, పాప గాజు, కనురెప్పల వెంట్రుకలు సన్నటి రాగి రేకు కత్తిరించి పెట్టినవి. 673 గ్రాముల బంగారు ముఖం కూడా వెతకండి, షిప్కా దగ్గర స్వెతిత్సాతా దిబ్బలో దొరికింది. స్యూథెస్ కంచు తల విదేశాల్లో ప్రదర్శనలకు వెళ్తుంటుంది, 2015లో పారిస్ లూవ్రకు, 2024 చివర్లో లాస్ ఏంజెలస్‌కు వెళ్లింది. మీరు వెళ్లే వారం ఊళ్లో ఉందో లేదో మ్యూజియం సైట్లో చూసుకోండి.

రెండో రోజు కారులో కజాన్లక్, సుమారు 200 కిలోమీటర్లు, ఆగుతూ వెళ్తే మూడున్నర గంటలు. అద్దె కారుకు ఎలక్ట్రానిక్ విన్యెట్ (రోడ్డు వాడకానికి ముందే కట్టే రుసుం) ఉందో లేదో తాళాలు తీసుకునేటప్పుడే అడగండి, లేకుండా హైవే ఎక్కితే జరిమానా. మధ్యాహ్నం నకలు సమాధి, ఇస్క్రా మ్యూజియం. మూడో రోజు ఉదయం కోస్మాత్కా, తర్వాత ఓస్త్రూషా, సాయంత్రం కోప్రింకా గట్టు మీద ఒక టీ. నాలుగో రోజు తిరుగుదారిలో, విమానం రాత్రికైతే మాత్రమే, హిసార్యా దగ్గర స్తారోసెల్. అక్కడి దిబ్బ చుట్టూ చెక్కిన రాళ్లతో 240 మీటర్ల గోడ ఉంటుంది, గుండ్రటి గది అడ్డకొలత 5 మీటర్లు దాటుతుంది, కజాన్లక్ గదికి రెట్టింపు. కానీ అక్కడ నడకా, రాతిమెట్లూ ఉన్నాయి. అమ్మగారికి మూడు రోజుల్లో కాళ్లు వాచి ఉంటే ఆవిడను కింద నీడలో కూర్చోబెట్టి మీరు వెళ్లిరండి.

చివరగా కళ్ల సంగతి, దీన్ని ఎవరూ చెప్పరు. ఎండలోంచి చీకటి నడవలోకి వెళ్తే కళ్లు అలవాటు పడడానికి ఐదు నుంచి పది నిమిషాలు పడుతుంది. స్వెష్టారి లాంటి చోట మీకిచ్చే సమయమే అంత. బయట ఎదురుచూసేటప్పుడు చలువ కళ్లద్దాలు పెట్టుకుని ఉండి, గుమ్మం దగ్గర తీసేయండి. అమ్మగారివి ఎండకు నల్లబడే పవర్ అద్దాలైతే లోపల కూడా చాలాసేపు నల్లగానే ఉంటాయి, ఆవిడకు అసలేమీ కనిపించదు, పొట్టి గుమ్మాల దగ్గర పడిపోయే ప్రమాదం కూడా. మామూలు అద్దాల పాత జత తప్పకుండా వెంట తీసుకెళ్లండి. మే నెల అయినా దిబ్బ లోపల చల్లగా ఉంటుంది, ఒక శాలువా. చెప్పులు గట్టి అరికాలువి, వాన పడ్డ రోజు బురద దులుపుకుని మరీ లోపలికి.

వీసాకు మీ జర్మనీ రెసిడెన్స్ కార్డు చాలు, 2025 జనవరి నుంచి బల్గేరియా పూర్తిగా షెంగెన్‌లో ఉంది. హైదరాబాద్ నుంచి వచ్చిన అమ్మగారి షెంగెన్ వీసా గడువు, ఎన్ని రోజులు మిగిలాయో మాత్రం లెక్కపెట్టుకోండి. బోర్డుల మీద సిరిలిక్ లిపి ఉంటుంది, గుర్తుపట్టాల్సిన మాటలు రెండే: ‘మొగిలా’ అంటే దిబ్బ, ‘గ్రోబ్నిత్సా’ అంటే సమాధి. శాకాహారం కావాలంటే ‘బెజ్ మెసో’, మాంసం వద్దని. అక్కడివాళ్లు అవునంటే తల అడ్డంగా ఊపుతారు, కాదంటే పైకి ఎగరేస్తారు. మనం ‘సరే’ అంటూ అటూఇటూ ఊపేది వాళ్లకు సరిగ్గా అర్థమవుతుంది. చిక్కల్లా మన నిలువు ఊపుతోనే. కౌంటర్లో మనిషి “నలుగురికీ గైడు కావాలా” అని అడిగితే తలూపకుండా నోటితో ‘దా’ అనండి.